ఎడమ కాలేయం తీసివేత, దారికి అడ్డొచ్చిన కుడి నాళం: పైత్యరసం లీకును బల్ల మీదే పట్టుకున్న ఒక హైడాటిడ్ కేసు

రోగి యాభై దాటిన పురుషుడు, బరువు 54 కేజీలు. నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట పల్లె, గొర్రెల మంద మీద బతికే కుటుంబం. ఆనవాలు పట్టే వివరాలు తీసేశాం. కొన్నేళ్ల కిందట కాలేయం ఎడమ భాగంలో హైడాటిడ్ తిత్తికి (కుక్కలు, గొర్రెల మధ్య తిరిగే ఎకైనోకాకస్ బద్దెపురుగు వల్ల వచ్చే బుడగ) ఆపరేషన్ అయింది. అప్పుడు తిత్తిని ఖాళీ చేసి, పైకప్పు కత్తిరించి, గుంతలో ఒమెంటం (పేగుల మీద కప్పే కొవ్వు పొర) నింపారు. ఈసారి వచ్చింది పచ్చకామెర్లతో, చలిజ్వరంతో.

మొత్తం బిలిరుబిన్ 6.2 మి.గ్రా./డె.లీ., ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పైత్యనాళాలకు అడ్డు పడితే పెరిగేది) 612, తెల్లకణాలు 16,400, ఇయోసినోఫిల్స్ 9 శాతం. ఎకైనోకాకస్ ఐజీజీ పాజిటివ్. కాలేయాన్ని ఎనిమిది సెగ్మెంట్లుగా లెక్కిస్తారు; అల్ట్రాసౌండ్‌లో ఎడమవైపు 2, 3, 4 సెగ్మెంట్లను ఆక్రమించిన 12 సెం.మీ. తిత్తి కనిపించింది. లోపల గట్టి గుజ్జు, దాని మధ్య పిల్ల తిత్తులు, అంటే డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో సీఈ3బి. కామన్ బైల్ డక్ట్ (కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తీసుకెళ్లే ప్రధాన నాళం) 13 మి.మీ. ఉబ్బి ఉంది, అందులో పొరలు తేలుతున్నాయి. తిత్తి నాళంలోకి పగిలిందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఎందుకు కోయాల్సి వచ్చింది

తిత్తి అనగానే కాలేయం కోయనక్కర్లేదు. సీఈ1, సీఈ3ఎ తిత్తులు (లోపల ఎక్కువగా ద్రవమే ఉండేవి) చాలావరకు సూదితో పీల్చి మందు ఎక్కించే పెయిర్ పద్ధతికి లొంగుతాయి. సీఈ3బికి అది పనికిరాదు, గుజ్జు సూదికి రాదు. అంతకన్నా ముఖ్యం, నాళంలోకి తెరుచుకున్న తిత్తిలోకి 20 శాతం ఉప్పునీరు లాంటి, తిత్తిలోని పురుగును చంపే మందు ఎక్కిస్తే అది నాళాల్లోకి దిగి లోపలి పొరను కాల్చేస్తుంది. ఆ నష్టం వెంటనే బయటపడదు. నెలలు గడిచాక నాళాలు బిగుసుకుపోయి స్క్లిరోజింగ్ కొలాంజైటిస్‌గా తేలుతుంది. పీల్చిన ద్రవంలో పసుపు రంగు కనిపించినా, బిలిరుబిన్ పరీక్ష పాజిటివ్ వచ్చినా మందు ఎక్కించకూడదు.

మళ్లీ పైకప్పు కత్తిరించి వదిలేయడం ఇంకో దారి. ఈ కేసులో తిత్తి గోడ సున్నం పట్టి పెంకులా గట్టిపడింది, కాబట్టి ఖాళీ చేసినా గుంత ముడుచుకోదు. సెగ్మెంట్ 3 నాళం, సెగ్మెంట్ 4 నాళం రెండూ ఆ గుంతలోకే నోరు తెరిచి ఉన్నాయి. గట్టిపడ్డ గోడలో కుట్టు నిలవదు, కోసుకుపోతుంది. అలాంటి గుంతను వదిలేస్తే వారాల తరబడి పైత్యరసం కారుతూనే ఉంటుంది. ఎడమ భాగం అప్పటికే ఎండిపోయి, కుడి భాగం పెరిగి ఉంది. సీటీ కొలతలో ఎడమ హెపటెక్టమీ (ఎడమ కాలేయం తీసివేత) తర్వాత మిగిలే కాలేయం 78 శాతం. ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి కనీసం 20, కీమో పడ్డదానికి 30, సిరోసిస్ ఉన్నదానికి 40 శాతం మిగలాలన్నది మామూలు హద్దు, కాబట్టి ఆ దిగులు లేదు. నోళ్లు తెరిచిన నాళాలున్న తిత్తి మొత్తాన్ని ఎడమ కాలేయంతో కలిపి తీసేస్తే చివరికి మూయాల్సింది ఒక్క నాళం మొండే. లీకు పరంగా చూసినా పెద్ద ఆపరేషనే ఇక్కడ సురక్షితం.

ఎంఆర్‌సీపీలో కనిపించిన మెలిక

ఎంఆర్‌సీపీ అంటే ఎంఆర్‌ఐతో తీసే పైత్యనాళాల చిత్రం. మామూలు అమరికలో కుడి ముందు సెక్టార్ నాళం, కుడి వెనక సెక్టార్ నాళం కలిసి కుడి నాళం అవుతాయి. అది ఎడమ నాళంతో కలుస్తుంది. ఇలా పుస్తకంలో గీసినట్టు ఉండేది పదిమందిలో ఆరుగురికి అటూ ఇటూగా. ఈ రోగికి కుడి వెనక నాళం (6, 7 సెగ్మెంట్లది) ముందు నాళంతో కలవకుండా, కుడి పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) వెనకగా ఎడమవైపుకు సాగి ఎడమ నాళంలో కలుస్తోంది. కుడి ముందు నాళం కలిసే చోటుకు ఇది దాదాపు 9 మి.మీ. ఎడమన.

ఎడమ హెపటెక్టమీలో దీని అర్థం సూటిగా ఉంది. ఎడమ నాళాన్ని అలవాటుగా సంగమం (కుడి, ఎడమ నాళాలు కలిసే చోటు) పక్కనే కోస్తే కుడి వెనక నాళం కూడా తెగిపోతుంది. 6, 7 సెగ్మెంట్లు తయారుచేసే పైత్యరసం అంతా పేగుకు పోకుండా పొట్ట కుహరంలోకి కారుతుంది. ఈ రకం లీకు ఎందుకు ప్రమాదకరమంటే, తెగిన నాళానికి ప్రధాన నాళాల చెట్టుతో సంబంధమే ఉండదు. ఆపరేషన్ బల్ల మీద సిస్టిక్ డక్ట్ నుంచి ఏ రంగు ఎక్కించినా అటు పోదు, లీకు టెస్ట్ శుభ్రంగా వస్తుంది. తర్వాత చేసే ఈఆర్‌సీపీలోనూ (నోటి గుండా ఎండోస్కోప్ పంపి పైత్యనాళంలో కాంట్రాస్ట్ వేసి చూసే పద్ధతి) ఫిల్మ్ చూడటానికి బాగానే ఉంటుంది, ఒక కొమ్మ లేదంతే. కొమ్మలు లెక్కపెట్టే అలవాటు లేనివాళ్లు 'లీకు లేదు' అని రాసేస్తారు. అందుకే ఏ పెద్ద కాలేయ కోతకైనా ముందు ఎంఆర్‌సీపీ ఫిల్మ్ తీసుకుని ఎనిమిది సెగ్మెంట్ల నాళాలూ ఎక్కడ దిగుతున్నాయో చేత్తో గీసి థియేటర్ గోడకు అంటించాలి. రేడియాలజీ రిపోర్టులో 'నార్మల్ బిలియరీ అనాటమీ' అన్న మూడు మాటలతో సరిపెట్టుకోవడం సర్జన్ పని కాదు.

కాడేట్ లోబ్ (సెగ్మెంట్ 1) నాళాలు సన్నవి, ఎంఆర్‌సీపీలో తరచుగా కనిపించవు. అవి ఎక్కువగా ఎడమ నాళంలోకో, సంగమం దగ్గరో దిగుతాయి. ఎడమ హెపటెక్టమీలో కాడేట్‌ను ఉంచుకుంటే ఈ చిన్న కొమ్మల మీద కన్ను వేసే ఉంచాలి.

ముందస్తు తయారీ

మొదట ఈఆర్‌సీపీ చేశారు. స్ఫింక్టరాటమీ చేసి (నాళం పేగులోకి తెరుచుకునే చోటి స్ఫింక్టర్ కండరాన్ని కోసి), బెలూన్‌తో పొరలు, పిల్ల తిత్తులు లాగేసి, 7 ఫ్రెంచ్ (గొట్టం మందం కొలత) ప్లాస్టిక్ స్టెంట్‌ను, అంటే నాళంలో దారి తెరిచి ఉంచే గొట్టాన్ని, కుడి ముందు నాళంలోకి వేశారు. పైత్యరసం కల్చర్‌లో ఈ.కోలై పెరిగింది, యాంటీబయాటిక్ దాని ప్రకారం మార్చాం. మూడు వారాల్లో బిలిరుబిన్ 1.4కు దిగింది. లీకును ఆపుతుందని ప్రతి హెపటెక్టమీకీ ముందుగా స్టెంట్ వేయడం మంచి పద్ధతి కాదు. స్ఫింక్టర్ తెరిస్తే పేగులోని బ్యాక్టీరియా పైకెక్కుతుంది, ఆపైన లీకైతే అది చీముగా మారుతుంది. ఇక్కడ వేసింది నాళంలో పొరలు ఉన్నందుకు, కామెర్లు తగ్గించేందుకు. నాళాల్లో ఒత్తిడి తగ్గడం అదనపు లాభం.

ఆల్బెండజోల్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు (కేజీకి 10–15 మి.గ్రా. లెక్కన), కొవ్వు ఉన్న తిండితో. పరగడుపున మింగితే ఒంటికి సరిగా పట్టదు, కాబట్టి నెయ్యి అన్నం తిన్న వెంటనే వేసుకోమని చెప్పాలి. రెండు వారాలకోసారి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు పరీక్ష), రక్తకణాల లెక్క.

ఆపరేషన్

పాత మధ్యగీత కోత మచ్చనే పైభాగంలో తెరిచి, కుడివైపు పక్కటెముకల కిందుగా తిప్పి 'జె' ఆకారంలో పొడిగించాం. తిత్తి చుట్టూ 20 శాతం ఉప్పునీటిలో తడిపి పిండిన ప్యాడ్లు పరిచాం. నీళ్లు కారేంత తడిగా పెట్టకూడదు, పెరిటోనియం (పొట్ట లోపలి పొర) పీల్చుకుంటే సోడియం పెరుగుతుంది. ఆపరేషన్ మధ్యలో రెండుసార్లు సోడియం చూశాం. తిత్తి పగిలి తీవ్రమైన అలర్జీ వస్తే వాడటానికి అనస్థీషియా వైపు అడ్రినలిన్ సిరంజిలో కలిపి సిద్ధంగా ఉంది. తిత్తిని ఎక్కడా తెరవలేదు, డయాఫ్రమ్‌కు అతుక్కున్నచోట డయాఫ్రమ్ ముక్కనే తిత్తితో వదిలేశాం.

తర్వాతి వరుస ఇది. ఫాల్సిఫార్మ్, ఎడమ ట్రయాంగులర్ లిగమెంట్లు విడిపించాం. లెస్సర్ ఒమెంటంలో ఎడమ గ్యాస్ట్రిక్ నుంచి వచ్చే అదనపు ధమని ఉందేమో చూశాం, లేదు. పిత్తాశయం తీసి, సిస్టిక్ డక్ట్ మొండిని పొడవుగా ఉంచి 5 ఫ్రెంచ్ ఫీడింగ్ ట్యూబ్ వేసి కట్టాం. చివరిదాకా పనికొచ్చేది ఈ ట్యూబే. హైలార్ ప్లేట్ (నాళాలు కాలేయంలోకి దూరే చోటి గట్టి పొర) దింపి, ఎడమ ధమనిని, ఎడమ పోర్టల్ సిరను విడివిడిగా కట్టాం. పోర్టల్ సిరను కాడేట్ కొమ్మ దాటాకే కట్టాలి, లేకపోతే మిగిలే కాడేట్‌కు రక్తం అందదు. ఎడమ నాళాన్ని మాత్రం ఈ దశలో ముట్టుకోలేదు.

ఎడమ భాగం నల్లబడగానే గీత గీసుకుని కోత మొదలైంది. సీవీపీ (గుండెకు చేరే పెద్ద సిరల్లో ఒత్తిడి) 5 మి.మీ. పాదరసం కంటే తక్కువ, తల కొంచెం పైకి, కోత పూర్తయ్యేదాకా సెలైన్ పిసినారితనంగా. ప్రింగిల్ క్లాంప్ (కాలేయానికి వెళ్లే రక్తాన్ని ఆపేది) 15 నిమిషాలు బిగించి 5 నిమిషాలు వదిలే పద్ధతి, మూడు విడతలు పట్టింది. రక్తస్రావం 450 మి.లీ. రక్తం తక్కువ పోవడానికీ పైత్యరసం కారకపోవడానికీ సంబంధం ఏమిటంటారేమో. కోత ముఖం రక్తంతో నిండితే కనబడని చోట గుడ్డిగా కుట్టు వేస్తాం, కాటరీ పెడతాం. సన్న నాళాలు అక్కడే తెగుతాయి.

కోత తలంలో ఏది నాళం, ఏది సిర అన్నది రంగుతో తెలుస్తుంది. గ్లిసన్ తొడుగు ఉన్న పెడికిల్ (ధమని, పోర్టల్ సిర, పైత్యనాళం కలిసిన కట్ట) తెల్లగా, గట్టి తాడులా వస్తుంది. దానిలో పైత్యనాళం ఉన్నట్టే లెక్క. హెపాటిక్ సిరకు తొడుగు ఉండదు, పలచగా నీలంగా ఉంటుంది. 2 మి.మీ. దాటిన తెల్లని తాడు దేన్నీ కాల్చి వదలకూడదు. హార్మోనిక్, లైగాష్యూర్ లాంటి వేడితో అతికే పరికరాలు రక్తనాళాన్ని అతికినంత నమ్మకంగా పైత్యనాళాన్ని అతకవు. నాళం గోడలో అతుక్కునే కొలాజెన్ తీరు వేరు, లోపల నుంచి పైత్యరసం నిరంతరం తోస్తూనే ఉంటుంది. పైగా వేడికి మాడిన చోట నాలుగైదు రోజుల తర్వాత పొక్కు రాలి లీకు మొదలవుతుంది. అందుకే 'మొదటి మూడు రోజులు డ్రెయిన్ గొట్టంలో పైత్యరసం లేదు, ఆరో రోజు మొదలైంది' అనే కేసులు ఉంటాయి. మేం పాటించే హద్దు: 2 మి.మీ. లోపువి బైపోలార్‌తో కాల్చడం, అంతకు మించినవి మిగిలే వైపు 3-0 దారంతో కట్టు, తీసేసే వైపు క్లిప్, 4 మి.మీ. దాటిన పెడికిల్‌కు 4-0 ప్రోలీన్ దారంతో గుచ్చి కట్టు. మిగిలే వైపు క్లిప్పులు నచ్చవు, తుడిచేటప్పుడు గాజుగుడ్డకు తగులుకుని ఊడతాయి.

కోత ముఖం మీద లోతుగా మ్యాట్రెస్ కుట్లు వేసి రెండు అంచుల్ని బిగించడం కొందరి అలవాటు. పైకి నిండుగా కనిపిస్తుంది, కింద కాలేయం రక్తం అందక చస్తుంది, ఆ చచ్చిన ముక్క నుంచే లీకు. ఫైబ్రిన్ జిగురు మీద కూడా పెద్ద ఆశలు పెట్టుకోనక్కర్లేదు. యాదృచ్ఛిక ట్రయల్స్‌లో అది లీకును తగ్గించినట్టు తేలలేదు, ఖర్చు మాత్రం తగ్గదు.

ఎడమ నాళం కోత

ఇది ఆపరేషన్ మొత్తానికీ గుండెకాయ. కోత పూర్తిగా అయ్యాక, ఎడమ కాలేయం ఆ ఒక్క నాళం మీద వేలాడుతున్నప్పుడు, కోయదలచిన చోట బుల్‌డాగ్ క్లాంప్ పెట్టాం. సిస్టిక్ ట్యూబ్ గుండా సగానికి పలచన చేసిన కాంట్రాస్ట్ 10 మి.లీ. ఎక్కించి సీ-ఆర్మ్ ఎక్స్‌రే కింద చూశాం. కుడి ముందు నాళం నిండింది, వెనక నాళం నిండలేదు. క్లాంప్ సరిగ్గా దాని నోటి మీదే కూర్చుంది. 8 మి.మీ. ఎడమకు, అంబిలికల్ ఫిషర్ వైపు జరిపి మళ్లీ చూస్తే 5, 6, 7, 8 సెగ్మెంట్ల కొమ్మలు నాలుగూ వచ్చాయి. అక్కడ కోశాం.

కోత కత్తెరతోనే, కాటరీ లేకుండా. నాళానికి రక్తం ఇచ్చే సన్న వల గోడ మీదే ఉంటుంది, దాన్ని కాలిస్తే కుట్టు చక్కగా కుదిరినా వారం తర్వాత మొండి కుళ్లుతుంది, లేదా నెలల తర్వాత ఇరుకవుతుంది. మొండిని లాగి కుట్టకూడదు, లాగితే సంగమం గుడారంలా పైకి లేచి కుట్టులో పడుతుంది. 5-0 పీడీఎస్ (నెమ్మదిగా కరిగే దారం)తో అడ్డంగా, వరుస కుట్టు.

లీకు టెస్ట్: తెల్లది, ఆ తర్వాత గుడ్డ

ప్రింగిల్ క్లాంప్ వదిలి పది నిమిషాలు ఆగాలి. రక్తప్రవాహం లేనప్పుడు చూస్తే చిన్నవి కనబడవు. టెస్టుకు వాడింది 20 శాతం లిపిడ్ ఎమల్షన్, ఒక భాగానికి మూడు భాగాలు సెలైన్ కలిపి 5 శాతం చేసినది. కామన్ బైల్ డక్ట్‌ను కిందిభాగంలో వేళ్లతో మెత్తగా నొక్కి పట్టుకోవాలి. ఈ రోగికి స్టెంట్, తెరిచిన స్ఫింక్టర్ రెండూ ఉన్నాయి కాబట్టి నొక్కకపోతే ద్రవమంతా డుయోడినంలోకి జారిపోయి టెస్ట్ అబద్ధం చెబుతుంది. 20 మి.లీ. నెమ్మదిగా ఎక్కించాం. బలంగా తోస్తే మంచి కుట్టు కూడా ఊడుతుంది.

మిథిలీన్ బ్లూ కన్నా పాల తెలుపు మేలు. నీలం ఒకసారి కారితే కోత ముఖమంతా మరకై రెండోసారి చూడటానికి వీలుండదు. తెలుపును సెలైన్‌తో కడిగేయొచ్చు, ఎన్నిసార్లయినా తిరిగి చేయొచ్చు. ఐసీజీ (మెరిసే ఆకుపచ్చ రంగు) చూపించే కెమెరా ఉన్నచోట అదీ బాగుంటుంది. మా జిల్లాల్లో ఎక్కువ థియేటర్లకు లిపిడ్ సీసా అందుబాటు, ధరా తక్కువ.

మొదటి ఎక్కింపులో సెగ్మెంట్ 4 పెడికిల్ కట్టు పక్కన సూది రంధ్రం నుంచి తెల్లని చుక్క వచ్చింది. 6-0 పీడీఎస్ ఒక్క కుట్టు. కడిగి రెండోసారి ఎక్కిస్తే శుభ్రం.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆగకూడదు. పైన చెప్పినట్టు చెట్టుతో సంబంధం తెగిపోయిన కొమ్మను ఈ టెస్ట్ చూపించజాలదు. అందుకే తడి పిండిన కొత్త తెల్ల గాజుగుడ్డను కోత ముఖం మీద పరిచి, ఏమీ ఎక్కించకుండా ఐదు నిమిషాలు వదిలేయాలి. ఆ కొమ్మ వెనక కాలేయం సొంతంగా పైత్యరసం తయారు చేస్తూనే ఉంటుంది, గుడ్డకు పసుపు చుక్క అంటుతుంది. కాడేట్ అంచున, ఎడమ నాళం మొండికి కొంచెం వెనకగా అలాంటి చుక్క ఒకటి దొరికింది. ఒక మిల్లీమీటరు కాడేట్ కొమ్మ అది. ఇంత చిన్నదాన్ని గుచ్చి కట్టేయవచ్చు, దాని వెనక ముక్క కొన్ని నెలల్లో ఎండిపోతుంది. అదే చుక్క 6 లేదా 7 సెగ్మెంట్ నాళం నుంచి వచ్చి ఉంటే కట్టడం తప్పు, పేగుకు కలపాలి (హెపాటికోజెజునాస్టమీ). తెల్లది ముందు, గుడ్డ తర్వాత. ఎక్కించిన ద్రవం మిగిలి ఉంటే గుడ్డ రంగు నమ్మలేం కాబట్టి రెంటి మధ్య బాగా కడగాలి.

ముగించే ముందు ఒమెంటాన్ని కోత ముఖం మీదికి తెచ్చి రెండు కుట్లతో నిలిపాం. ఎడమ హెపటెక్టమీ తర్వాత జీర్ణాశయం ఆ ముఖానికి అతుక్కుంటే అన్నం దిగక వాంతులవుతాయి, అందుకు. డ్రెయిన్ ఒకటే, 24 ఫ్రెంచ్ మెత్తటి ట్యూబు, మూసిన సంచికి, సక్షన్ లేకుండా. కొసను నాళం మొండికి తగలకుండా 2 సెం.మీ. ఎడంగా పెట్టాం. సక్షన్ ట్యూబు మొండిని ఆనుకుంటే మూసుకోవాల్సిన రంధ్రాన్ని అదే తెరిచి ఉంచుతుంది.

ఆపరేషన్ తర్వాత: కన్ను కాదు, లెక్క

డ్రెయిన్ రంగు చూసి లీకును నిర్ణయించలేం. కాలేయం కోసిన తర్వాత వచ్చే ద్రవం మామూలుగానే గోధుమ పసుపులో ఉంటుంది. 2011లో అంతర్జాతీయ కాలేయ శస్త్రచికిత్స అధ్యయన బృందం (ఐఎస్‌జీఎల్‌ఎస్) ఇచ్చిన నిర్వచనం వాడాలి: మూడో రోజున గానీ ఆ తర్వాత గానీ డ్రెయిన్ ద్రవంలో బిలిరుబిన్ రక్తంలోదానికి మూడు రెట్లు గానీ అంతకు మించి గానీ ఉంటే లీకు. పైత్యరసం నిలిచిపోయి పైప్ వేయాల్సి వచ్చినా, మళ్లీ తెరవాల్సి వచ్చినా లీకే. వైద్యం పెద్దగా మార్చనక్కర్లేకపోతే ఎ గ్రేడ్. అదనపు పరీక్షలు, పైపులు, ఈఆర్‌సీపీ అవసరమైతే, లేదా ఎ గ్రేడే వారం దాటి సాగితే బి. మళ్లీ కడుపు తెరిస్తే సి.

నమూనా తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. రాత్రంతా సంచిలో నిలవ ఉన్న ద్రవం పంపితే వెలుతురుకు బిలిరుబిన్ విరిగిపోయి తక్కువ చూపిస్తుంది. సంచి ఖాళీ చేసి, తర్వాతి గంటలో పడిన తాజా ద్రవం 3 మి.లీ. తీయాలి, నల్ల కాగితం చుట్టాలి, అదే గంటలో రక్తం కూడా తీయాలి. జలోదరం ఎక్కువగా ఉంటే ద్రవం పలచబడి అంకె చిన్నదవుతుందన్నది గుర్తుంచుకోవాలి. జిల్లా ల్యాబుల్లో సీరమ్ నడిపే మిషన్‌మీదే ఈ ద్రవమూ నడపవచ్చు, కొత్త కిట్ అక్కర్లేదు.

ఈ రోగి అంకెలు (డ్రెయిన్ పరిమాణం, ద్రవం బిలిరుబిన్ / రక్తం బిలిరుబిన్, మి.గ్రా./డె.లీ.):

1వ రోజు: 260 మి.లీ.; 2.1 / 2.0
3వ రోజు: 150 మి.లీ.; 5.6 / 1.3, అంటే 4.3 రెట్లు
5వ రోజు: 120 మి.లీ.; 6.4 / 1.0, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు కొలత) 1.2
7వ రోజు: 60 మి.లీ.; 4.8 / 0.9
9వ రోజు: 20 మి.లీ.; 1.6 / 0.8, అంటే 2 రెట్లు

లీకు ఉంది, గ్రేడ్ ఎ. జ్వరం లేదు, కడుపు మెత్తగా ఉంది, మంచం పక్క అల్ట్రాసౌండ్‌లో ద్రవం నిలవ లేదు. ఐదో రోజు ఐఎన్‌ఆర్, బిలిరుబిన్ మామూలుగా ఉండటంతో కాలేయ వైఫల్యం భయమూ లేదు. మూడో రోజే డ్రెయిన్ తీసేద్దామని ఉంటుంది. ఎక్కువకాలం ఉంచితే ట్యూబు వెంట ఇన్ఫెక్షన్ లోపలికి పోతుందన్న మాట నిజమే. అందుకే మూడో రోజు అంకె చూసి తేల్చాలి: నిష్పత్తి మూడు లోపుంటే, ద్రవం బిలిరుబిన్ 3 మి.గ్రా. లోపుంటే ఆ రోజే తీసేయాలి, పరిమాణం కాస్త ఎక్కువున్నా సరే. ఇక్కడ అది దాటింది కాబట్టి ఉంచాం.

"సంచిలో పసరు పడతానే ఉండాది సార్, కుట్లేమన్నా ఊడినయ్యా?" అని రోగి కొడుకు అయిదో రోజు అడిగాడు. ఇలాంటప్పుడు అంకెలు చూపించి చెప్పడమే మేలు: "ఊడలేదు నాయనా. నిన్న ఇంత, ఈరోజు ఇంత. తగ్గతా ఉంటే దానంతటదే మానుద్ది. పెరిగినా, చలి పెట్టినా అప్పుడు ఇంకో దారి చూస్తాం." రోగి బంధువుకు గ్రేడ్లు అక్కర్లేదు, పోకడ తెలిస్తే చాలు.

లీకు ఎక్కడిది? పరిమాణం తక్కువ, తగ్గుముఖం, స్టెంట్ ఉంది, కోత ముఖం మీది సన్న కొమ్మ అని ఊహించవచ్చు. రకాలు నాలుగుగా విడదీసే నగానో పద్ధతిలో ఇది ఎ రకం: ముఖం మీది చిన్న కొమ్మలు, తమంత తాము మూసుకునేవి. పన్నెండో రోజు అల్ట్రాసౌండ్ చూసి డ్రెయిన్ తీసేశాం.

వేరే దారి పట్టి ఉంటే

ముఖం మీది పెద్ద కొమ్మ సరిగా మూసుకోకపోవడం బి రకం. రోజుకు 100 మి.లీ.కు పైగా పడుతూ వారంలో తగ్గకపోతే ఈఆర్‌సీపీ చేసి స్టెంట్ వేయాలి, స్ఫింక్టర్ ఒత్తిడి తీసేస్తే పైత్యరసం సులువు దారిలో పేగుకు పోతుంది. సంగమం దగ్గర ప్రధాన నాళానికి గాయం సి రకం. స్టెంట్ గాయాన్ని దాటి పైకి పోవాలి, పోకపోతే పీటీబీడీ, అంటే చర్మం, కాలేయం గుండా నాళంలోకి పైపు. మళ్లీ తెరవాల్సి వస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే తెరవాలి. వారం దాటాక తెరిస్తే కుట్టు నిలిచే కణజాలమే ఉండదు, బాగా కడిగి డ్రెయిన్లు వేసి రావడమే పని.

తెగిపోయిన కొమ్మ, డి రకం, వేరే జాతి. ఈఆర్‌సీపీ స్టెంట్ దానికి ఏమీ చేయదు. తెలుసుకునే మార్గం డ్రెయిన్ గుండా కాంట్రాస్ట్ వేసే ఫిస్టులోగ్రామ్, దారి గట్టిపడ్డాక, రెండో వారం తర్వాత. కొమ్మ నిండి ప్రధాన చెట్టు నిండకపోతే అదే. వెనక ముక్క చిన్నదైతే ఓపిక పట్టడం, లేదా కొమ్మలోకి ఆల్కహాల్ ఎక్కించి మూయడం. పెద్ద సెక్టార్ అయితే పేగుకు కలపడమో, ఆ సెక్టార్ తీసేయడమో.

నిలవ ద్రవం జ్వరంతో కనిపిస్తే రకం ఏదైనా ముందు పని ఒకటే, అల్ట్రాసౌండ్ చూస్తూ 10 లేదా 12 ఫ్రెంచ్ పిగ్‌టెయిల్ గొట్టం వేసి ద్రవం బయటికి తీయడం. లీకు చంపదు, నిలిచిపోయిన పైత్యరసంలో చీము పట్టడం చంపుతుంది.

ఇంటికి పంపాక

ఉదయగిరి మెట్ట నుంచి నెల్లూరుకు వంద కిలోమీటర్ల దాకా ప్రయాణం. అందుకే డ్రెయిన్‌తో పంపకుండా అది తీసేదాకా ఉంచాం. డ్రెయిన్‌తో పంపాల్సి వస్తే కొలగిన్నె ఇచ్చి, రోజూ ఒకే వేళకు ఖాళీ చేసి పరిమాణం, రంగు రాయించాలి. సంచి పొట్ట కన్నా పైకి ఎత్తకూడదని పడుకునే తీరు చూపించి మరీ చెప్పాలి. చలిజ్వరం, భుజం నొప్పి, డ్రెయిన్ ఉన్నట్టుండి ఆగిపోయి కడుపు నొప్పి రావడం, ఈ మూడింటికీ ఫోన్ చేయకుండా నేరుగా రావాలి.

తిత్తి నాళంలోకి పగిలింది కాబట్టి ఆల్బెండజోల్ మూడు నెలలు కొనసాగింది. ఆరో వారం ఎండోస్కోపీతో స్టెంట్ తీశారు. తర్వాతి పరీక్షల్లో చూడాల్సింది అల్ట్రాసౌండ్‌లో కొత్త తిత్తులే కాదు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా. బిలిరుబిన్ మామూలుగా ఉండగా ఆ ఒక్క అంకె పెరుగుతుంటే కుడి వెనక నాళం కుట్టు దగ్గర ఇరుకవుతోందేమో ఎంఆర్‌సీపీ చేసి చూడాలి. ఆరు నెలలకోసారి రెండేళ్లు, ఆపైన ఏడాదికోసారి రమ్మన్నాం. మంద కాసే కుక్కలకు ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ (కేజీకి 5 మి.గ్రా.) వేయించమని, గొర్రెను కోసినప్పుడు బుడగలున్న కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు వేయకుండా లోతుగా పూడ్చమని డిశ్చార్జ్ కాగితం మీదే రాసిచ్చాం. ఇంట్లో మిగతావాళ్లకూ, మంద వెంట తిరిగే పిల్లలకూ ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించమన్నాం.